గొట్టం వేసేదాకా

1999 జూలై 18, ఆదివారం

నకిరేకల్‌కు తిరిగొచ్చాం. మా ఆయన బతికే వచ్చాడు. ఇన్ని రోజులూ పట్నం దవాఖాన వరండాలో పడుకొని నా నడుము పట్టేసింది. ఆయన మాత్రం పెండ్లికొడుకులాగా కారు వెనక సీటంతా పరుచుకొని వచ్చాడు.

డాక్టరు అమరేందర్ సారు చెప్పింది మరిచిపోకముందే రాసుకోవాలి. నేను టీచర్నని తెలిసి బొమ్మ గీసి మరీ చెప్పాడు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఒకటి మెడ కింద వంపు తిరిగి, వీపు వెంట కడుపులోకి దిగుతుందట. దానికి పొరలుంటాయట. లోపలి పొర చినిగింది. రవికె లోపల లైనింగు కుట్టు వదిలితే చెయ్యి తప్పు దారిలో దూరినట్టు, రక్తం ఆ చినుగులోంచి పొరల మధ్యకు పోతోంది. డ్యూటీలో కరెంటు స్తంభం దగ్గర తన కింది లైన్‌మెన్‌ను తిడుతూ తిడుతూ ఈయన వీపు పట్టుకొని కూలబడింది అందుకే. మన కాంపౌండర్ పెద్దులు అది గ్యాసు అనుకొని సూది వేశాడు.

చినుగు గుండెకు ఆనుకొని ఉంటే ఆ రోజే రొమ్ము కోసేవాళ్లట. ఈయనది వంపు దాటాక వీపు వైపు ఉంది కాబట్టి మందులతో బీపీ దించి ఆపారు. కానీ నాళం ఉబ్బుతోంది. దానికి ఇప్పుడొక కొత్త పద్ధతి వచ్చిందట. రొమ్ము కోసే పని లేదు. తొడ మొదట్లో చిన్న కోత పెట్టి, అక్కడి రక్తనాళంలోంచి సన్నటి తీగ పైకి పంపి, దాని మీదుగా మడిచిన గొట్టం ఒకటి ఎక్కిస్తారు. ఉక్కు జాలీకి గుడ్డ కుట్టిన గొట్టం. చినుగు దగ్గర దాన్ని విప్పితే అది తెరుచుకొని చినుగు నోరు మూసేస్తుంది. రక్తం మళ్లీ తన దారిన పోతుంది. ఇక్కడివాళ్లకు ఆ పని నేర్పడానికి బయటి దేశం డాక్టరు ఒకాయన గొట్టాలు వెంటబెట్టుకొని వస్తాడట. రోజు కుదిరాక ఫోన్ చేస్తామన్నారు. మన ఇంట్లో ఫోనెక్కడిది, లియాఖత్ అలీ ఎస్టీడీ బూత్ నంబరు రాయించాను.

అప్పటిదాకా బరువు ఎత్తొద్దు. దొడ్డికి పోయినప్పుడు ముక్కొద్దు. ఉప్పు వద్దు. అన్నిటికంటే ముందు, కోపం వద్దు.

"కోపమొస్తే బీపీ ఒక్కసారిగ లేస్తది. గొంతు లేపినా చాలు, ఆ పొర పగిలిపోవచ్చు. ఇంట్ల ఆయనకు కోపం రాకుండ చూసుకోండమ్మా," అన్నాడు డాక్టరు.

మా అత్త బాలనర్సమ్మ ఊరుకుంటుందా. "మా ఏసోబుకు కోపం రాకుంటనా సారూ? ఊపిరి తీయకుండ బతుకుమన్నట్టుంది," అంది.

ఆయన మంచం మీద పడుకొని పైకప్పు చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకొని డాక్టరు నాకు ధైర్యం చెప్పి పోయాడు.

జూలై 20

ఉప్పు లేని పప్పు పెట్టాను. కంచం విసరలేదు.

జూలై 24, శనివారం

సువార్త బడి నుంచి ఉరుకుతూ వచ్చి చెంబు తన్నుకుంది. నీళ్లన్నీ వాళ్ల బాపు పక్క మీద పడ్డాయి. పన్నెండేండ్ల పిల్ల, వెంటనే రెండు చేతులు చెవుల మీద పెట్టుకొని గోడకు అతుక్కుంది. ఆ పని దానికి ఎవరూ నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది.

ఆయన చెయ్యి లేచింది. సగం లేచి ఆగింది. రెండో చేతి వేళ్లు ఆ మణికట్టు మీద పెట్టుకొని కండ్లు మూసుకున్నాడు. దవాఖానలో నర్సు చూసినట్టు తన నాడి తానే చూసుకుంటున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చాలాసేపటికి కండ్లు తెరిచి, "జర సూసుకుంట నడువు బిడ్డా," అన్నాడు.

సువార్త వంటింట్లోకి వచ్చి నా చెవిలో అడిగింది. "అమ్మా, బాపుకు ఏమైంది?"

"వీపుల నరం చినిగింది."

"మళ్ల అతుకుతదా?"

"అతికిస్తరు బిడ్డా," అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. దాన్ని నేను తిట్టాల్సింది, తిట్టలేదు.

జూలై 28

ఆయన మంచం ముందర కుర్చీ వేసుకొని కూర్చున్నాను. పెండ్లయిన నాటి నుంచి ఆయన ముందు కుర్చీలో కూర్చోలేదు. కూర్చుంటే ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాను. ఏమీ కాలేదు. కాసేపటికి కాలు మీద కాలు కూడా వేసుకున్నాను.

ఆగస్టు 1, ఆదివారం

నాకంటే అత్తమ్మకు ధైర్యం ఎక్కువ. ఈ రోజు కొడుకు మంచం పట్టె మీద కూర్చొని, ఆకు నమిలి, తీరుబడిగా మొదలుపెట్టింది.

"ఏసోబూ, నన్ను గోడకు నూకిన దినం యాదికున్నదారా?"

"ఉన్నదవ్వా."

"నీ అయ్య కూడ గట్ల నూకలే నన్ను. తాగినా నూకలే. నువ్వు తాగకుండనే నూకితివి. నిన్ను కన్నందుకు నా కడుపుల మన్నువడ."

ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"పట్టుకో, మంచిగ పట్టుకో. ఇడిస్తే సస్తవు," అని లేచి, దులుపుకొని బయటికి పోయింది. వంటింట్లో నన్ను చూసి కన్ను గీటింది. డెబ్బై ఏండ్ల ముసలామె కన్ను గీటడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తూ నవ్వుకున్నాం.

మందులు మాత్రం వేళకు ఇస్తున్నాను. ఒక్క పూట తప్పలేదు. ఆ మాట రాసిపెట్టుకోవాలి.

ఆగస్టు 5

పెద్దులు బీపీ చూడడానికి వచ్చాడు. గ్యాసు సూది వేసిన పాపానికి రోజూ వచ్చి చూసిపోతున్నాడు. పట్టీ చుడుతూ ఏదో అడిగాడు, నాకు వినబడలేదు.

"ఎడమదిక్కు నిలవడి మాట్లాడితే నాకు వినవడదు పెద్దులన్నా," అన్నాను. "ఆ చెవి ఎందుకు పనిచేయదో మా ఆయన్ను అడుగు, మంచిగ చెప్తడు. చెప్పు ఏసోబూ, నువ్వే చెప్పు."

పేరు పెట్టి పిలిచాను. నువ్వు అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. పెద్దులు తల వంచుకొని గాలి కొట్టాడు. రోజూ నూట పదిహేను ఉండేది నూట అరవై చూపించింది. పెద్దులు ముఖం పాలిపోయింది. "ఏంటిది టీచరమ్మా, మనిషిని సంపుతవా?" అని నాలుక కింద మాత్ర పెట్టాడు. ఆయన ముఖమంతా చెమట. కండ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. ఆ కండ్లలో భయం చూశాను.

ఎంత బాగుందో ఆ భయం. దేవుడు క్షమించాలి.

ఆగస్టు 6

నిన్న నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు. జరిగినదే అన్నాను. జరిగినది చెప్తే పగిలిపోయే గుండె నరం ఉంటే అది నా తప్పా? అయినా ఇక అనను.

ఆగస్టు 7

అన్నాను. కొంచెమే.

ఆగస్టు 15, ఆదివారం

పొద్దున బడిలో జెండా ఎగరేసి, అటు నుంచి అటే చర్చికి పోయాను. ఆయన, అత్తమ్మ, సువార్త అప్పటికే రిక్షాలో వచ్చి ఉన్నారు. ఆరాధన అయ్యాక పాస్టరయ్య ఆయనను లేపి నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నాడు.

"నేను ఎసొంటోన్నో మీకందరికి ఎరుకనే," అన్నాడు ఆయన. గొంతు మెత్తగా, వినీ వినబడనట్టు. "దేవుడు నా ఈపుల ఒక చినుగు పెట్టి నా కోపం తీసుకపోయిండు. ఇప్పుడు మా ఇంట్ల కేక లేదు. నా భార్య కండ్లల్ల నీళ్లు లేవు."

ఆడవాళ్లందరూ కొంగులతో కండ్లు ఒత్తుకున్నారు. "ప్రమీలమ్మా, నీ ప్రార్థన ఫలించింది," అన్నాడు పాస్టరయ్య. దేవుడు కాదయ్యా, బీపీ మందు అని నేను లేచి చెప్తానా. నాకూ ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు.

ఆగస్టు 20

ఈ వారం ఆయనను ఏమీ అనలేదు. అనాలనిపించడం లేదు.

బడి నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చొని బత్తాయి ఒలుస్తున్నాడు. "ప్రమీలా, అలిసిపోయి అచ్చినవు, తిను," అని తొనలు తీసి, గింజలు తీసి, చేతిలో పెట్టాడు. ఏయ్ అని తప్ప పేరుతో పిలవని మనిషి. నేను తిన్నాను. రెండోది కూడా ఒలిచాడు. సువార్త వచ్చి ఆయన పక్కన కూర్చొని ఎక్కాలు అప్పజెప్పింది. పన్నెండో ఎక్కం తప్పింది. "మళ్ల సదువు," అన్నాడు, అంతే.

నా ముప్పై అయిదో ఏట నాకు మొగుడు దొరికాడు అనిపించింది. రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఇదే అసలు మనిషేమో, ఆ కేకల కింద ఇన్నాళ్లూ ఈ మనిషే ఉన్నాడేమో.

ఆగస్టు 27, శుక్రవారం

లియాఖత్ అలీ నమాజు నుంచి వచ్చి బూత్ తెరుస్తూ నన్ను చూసి పిలిచాడు.

"టీచరమ్మా, దవాఖాన నుంచి ఫోనొచ్చింది. సెప్టెంబరు ఆరు, సోమవారం గొట్టం ఏస్తరట. రెండు రోజుల ముందే అచ్చి చేరుమన్నరు. ఏసోబన్నకు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?"

"నేనే చెప్త లియాఖత్ భాయ్."

"అల్లా దయ. ఇక ఫికర్ చెయ్యకుండ్రి. మల్ల ఎప్పటి లెక్కనే పులి అయితడు అన్న."

అన్నం తిన్నాక చెప్తాను.

ఆగస్టు 28

తినేటప్పుడు సువార్త ఏదో చెప్తే నవ్వాడు. ఆ నవ్వులో చెప్పబుద్ధి కాలేదు. రేపు.

ఆగస్టు 30

ఇవాళ బాగా ఆలోచించాను. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు, అది ముందు రాయలేదు. వెన్నుపాముకు పోయే సన్నటి రక్తనాళాలు ఆ పెద్దదాంట్లోంచే పుడతాయి. గొట్టం వాటి నోళ్లను కూడా మూసేస్తే కొంతమందికి కాళ్లు పడిపోతాయట. ఎక్కడో ఒకరికి అన్నాడు. ఆ ఒక్కరు ఈయనే అయితే? కాళ్లు పోయిన మనిషిని ఎవరు మోస్తారు? కొత్త పద్ధతి. ఇంకా నేర్చుకుంటున్నారు. నేర్చుకోవడానికి నా మొగుడే దొరికాడా. మందులతో మంచిగా ఉన్న మనిషి మీద ప్రయోగం ఎందుకు? ఆయన మంచి కోసమే ఆలోచిస్తున్నాను.

సెప్టెంబరు 2

"ఫోను రాలేదా ప్రమీలా?"

"రాలేదు."

సెప్టెంబరు 4, శనివారం

"ఇంక రాలేదా?"

"వాళ్లకేమి, పెద్దోళ్లు. తీరినప్పుడు చేస్తరు."

సెప్టెంబరు 6, సోమవారం

బడికి సెలవు పెట్టాను. ఆయనకు ఇష్టమని జొన్నరొట్టె చేశాను, వంకాయ కూర చేశాను.

సెప్టెంబరు 10

టీచర్ల మీటింగుకు నల్లగొండ పోయి, అక్కడి బూత్ నుంచి అమరేందర్ సారుకు ఫోన్ చేశాను. ఆయన భయపడ్డాడు సారూ, రానన్నాడు అని చెప్పాను. డాక్టరు విసుక్కున్నాడు. మీ గొట్టం ఇంకొకరికి వేసినమన్నాడు. ఆ బయటి డాక్టరు మళ్లీ నవంబరులో వస్తాడు, అప్పుడైనా నచ్చజెప్పి తీసుకురమ్మన్నాడు.

"గొట్టం ఏయకుంటే ఏమైతది సారూ?"

"మందులతోని ఏండ్లకేండ్లు బతికేవాళ్లు ఉన్నరు," అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు.

మందులతోనే ఏండ్లకేండ్లు బతికేవాళ్లు ఉన్నారు. డాక్టరే చెప్పాడు.

సెప్టెంబరు 25

ఒక ఉపాయం దొరికింది. ఒంట్లో బాగున్న రోజు ఆయన గొంతు కొంచెం లావెక్కుతుంది. నిన్న చాయిలో చక్కెర తక్కువైందని "ఏందే ఇది" అన్నాడు. ఆ ఏందే నాకు తెలుసు. దాని వెనక ఏమొస్తుందో కూడా తెలుసు. నేను చెంబు కింద పెట్టి మెల్లగా, "వీపుల ఏమన్న అనిపిస్తుందా?" అని అడిగాను.

వెంటనే దిగిపోయాడు. చెయ్యి వీపు మీదికి పోయింది. "లేదు... జర ఉన్నట్టుంది. సూడు," అన్నాడు చిన్నపిల్లాడిలాగా.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడుగుతున్నాను. పెండ్లాం మొగుడి బాగోగులు అడగకూడదా?

అక్టోబరు 3

అత్తమ్మ ఇప్పుడు ఆయనను ఏమీ అనడం లేదు. "ఎన్ని అన్నా పడుతుండు, పాపమనిపిస్తుంది. సచ్చిన పామును ఎంత కొడతం," అంది. నేనూ అనడం లేదు. వీపు సంగతి మాత్రం అడుగుతున్నాను.

అక్టోబరు 13

మధ్యాహ్నం పిల్లలు పిలిస్తే బడి నుంచి ఉరికొచ్చాను. ఆయన నేల మీద ముడుచుకొని పడి ఉన్నాడు. వీపులో నొప్పి. పెద్దులు అప్పటికే మాత్ర పెట్టి గాలి విసురుతున్నాడు. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నన్ను సావనియ్యకు ప్రమీలా. గా ఫోన్ ఒక్కటొస్తే బతుకుత."

నవంబరులో వస్తారు, నేనే తీసుకపోతా అని చెప్పబోయాను. మాట నోటి దాకా వచ్చింది. అంతలో నొప్పి తగ్గింది. లేచి కూర్చొని నీళ్లు అడిగాడు. తగ్గాక ఇక చెప్పడమెందుకు. మళ్లీ భయపెట్టినట్టు అవుతుంది.

అక్టోబరు 24, ఆదివారం

చర్చి నుంచి నడిచి వస్తున్నాం. లియాఖత్ అలీ బూత్ ముందర స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. చాలా రోజులైంది ఆయనను చూడక, లేచి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"ఏసోబన్నా, మంచిగ కనవడుతున్నవు. గొట్టం ఏసిండ్రా? ఎట్లుందిప్పుడు?"

"యాడిది లియాఖత్ భాయ్, ఫోనే రాకపాయె."

"రాకపోవుడేంది? సెప్టెంబరు ఆరుకు రమ్మని నేనే తీసుకున్న ఫోను. టీచరమ్మకు చెప్పిన గద."

ఎండ బాగా ఉంది. సువార్త నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. లియాఖత్ అలీకి తాను ఏం చేశాడో అర్థమైంది, "నేనే మర్చిపోయిన్నేమో అన్నా," అంటూ నసిగాడు. ఆయన రోడ్డు మధ్యలో నిలబడి మణికట్టు మీద వేళ్లు పెట్టుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు అరుస్తాడు, అరిస్తే ఇక్కడే పడిపోతాడు అనుకున్నాను. పడిపోవాలని అనుకోలేదు. పడిపోతాడని మాత్రం అనుకున్నాను.

అరవలేదు. "ఎండ ఉంది, నడువుండ్రి ఇంటికి," అన్నాడు.

అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. మాత్ర వేసుకున్నాడు. అప్పుడు నన్ను పిలిచి కుర్చీ చూపించాడు.

"నన్ను సంపుదామనుకున్నవా?"

"కాదు."

"మరి?"

నాకు అబద్ధం తోచలేదు. "గిట్లనే ఉంచుకుందామనుకున్న," అన్నాను.

ఆ మాటకు తల ఊపాడు. పాఠం అర్థమైన పిల్లగాడిలాగా రెండు మూడు సార్లు ఊపాడు. "మంచిది," అన్నాడు. "గొట్టం పడనీ. తర్వాత మాట్లాడుకుందం."

సాయంత్రం తానే లియాఖత్ అలీ బూత్‌కు పోయి డాక్టరుతో మాట్లాడి వచ్చాడు. నవంబరు పదిహేను.

అక్టోబరు 25

తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. మాట్లాడుకుందాం అన్నాడంటే కోపం లేదన్నట్టే కదా.

అక్టోబరు 31, ఆదివారం

కోపం లేదు. ఈ వారమంతా ఎంత నెమ్మదిగా ఉన్నాడో. నిన్న బత్తాయిలు తెచ్చాడు. సువార్తతో, "మీ అమ్మ తెలివి నీకు రావాలె బిడ్డా," అన్నాడు. అత్తమ్మకు జరిగిందంతా చెప్పాను. "ఇంత చేసినా మాట లేపలేదా నా కొడుకు?" అని ఆశ్చర్యపోయింది. తర్వాత నా వైపు అదోలా చూసింది. "నువ్వు మీ అమ్మగారింటికి పోయి జర కొన్నొద్దులు ఉండరాదే," అంది.

ఎందుకు పోవాలి? వీపు నొప్పి ఉందా అని అడగడం మానేశాను. అన్నాళ్లూ అట్లా అడగడమొక్కటే నేను చేసిన తప్పనిపిస్తుంది. ఆయన మనసు నిజంగానే మారింది. మందులు బీపీని దించుతాయి గానీ క్షమించడం నేర్పవు గదా.

నవంబరు 8

బడి అయ్యాక బస్టాండు దాకా పోయాను. సూర్యాపేట బస్సు నిలబడి ఉంది. అమ్మ వాళ్లను చూసొద్దామా అనుకున్నాను. సువార్తకు పరీక్షలున్నాయి. తిరిగొచ్చాను.

నవంబరు 15, సోమవారం

గొట్టం వేశారు.

పొద్దున లోపలికి తీసుకపోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, "ఉంటవుగా ఈడనే?" అన్నాడు. ఉంటానన్నాను. మధ్యాహ్నం దాటాక అమరేందర్ సారు, ఆ బయటి డాక్టరు బయటికి వచ్చారు. తెల్లాయన నవ్వుతూ నాతో చెయ్యి కలిపాడు.

"గొట్టం సరిగ్గా చినుగు మీద కూసుంది. తొడ దగ్గర చిన్న కోత తప్ప ఇంకేం లేదు. కాలివేళ్లు కదపమంటే రెండు కాళ్లవీ కదిపిండు. మీకు ఇంక భయం అవసరం లేదమ్మా," అన్నాడు సారు.

రెండు కాళ్లవీ కదిపాడు. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. సంతోషించాను కాబట్టే ఏడ్చాను.

సాయంత్రం చూడనిచ్చారు. కాలు కదపొద్దన్నారని బొమ్మలాగా పడుకున్నాడు. నన్ను చూసి, "తిన్నవా?" అని అడిగాడు. అది చాలదా?

నవంబరు 21

ఇంటికొచ్చాం. చర్చి వాళ్లందరూ వచ్చి ప్రార్థన చేసి పోయారు. ఆయన ఏమీ అనలేదు.

నవంబరు 29

ఏమీ అనలేదు.

డిసెంబరు 9

ఏమీ అనలేదు. డ్యూటీకి పోతున్నాడు. స్తంభం కాడ తిట్టడం లేదట, లైన్‌మెన్ కూడా చెప్పుకుంటున్నారు. నేనే అనవసరంగా భయపడ్డాను.

డిసెంబరు 18, శనివారం

పట్నం పోయి స్కానింగు చేయించుకొని వచ్చాం. పొరల మధ్యలో ఉన్న దొంగదారి గొట్టం ఉన్నంత మేర గడ్డకట్టి మూసుకుపోయిందట. అమరేందర్ సారు ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాడు. ఆయన చాలా శ్రద్ధగా చూశాడు. చూసి, నెమ్మదిగా అడిగాడు.

"సారూ, ఇప్పుడు జర బరువు పని చేయొచ్చునా?"

"కొంచెం కొంచెం చేయొచ్చు. ఆయాసం రానియ్యకు. మధ్య మధ్యల కూసో."

"కోపమొస్తే?"

సారు నవ్వాడు. "వస్తే వచ్చింది. ముందటిలెక్క పగిలే భయం లేదు. కానీ అలవాటు చేసుకోకు. బీపీ ఎప్పటికీ కంట్రోల్‌లనే ఉండాలె."

"ఉంటది సారూ. కోపం నాకు అసలే రాదిప్పుడు," అన్నాడు. ముగ్గురం నవ్వాం.

డిసెంబరు 21

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఒకటో తరగతి పిల్లల రాతలాగా ఉన్నాయి. సువార్త పక్క గదిలో ఉంది. మెల్లగా రాయాలి.

మొన్న ఆదివారం సాయంత్రం క్రిస్మస్ పాటలు నేర్చుకోవడానికి అత్తమ్మను, సువార్తను చర్చికి పంపాడు. తలుపు గొళ్లెం పెట్టాడు. చేతి గడియారం విప్పి అలమరాలో పెట్టాడు. "తర్వాత మాట్లాడుకుందమన్న గదా," అన్నాడు.

తిట్టలేదు. ఒక్క చెడ్డ మాట అనలేదు. ముఖం కూడా ఎర్రబడలేదు. కొంచెంసేపు కొట్టడం, ఆయాసం రాగానే మంచం మీద కూర్చొని మణికట్టు చూసుకోవడం. నాడి నెమ్మదించాక నీళ్లు తాగి మళ్లీ లేవడం. అట్లా కూర్చున్నప్పుడు నేను తలుపు దాకా పోయాను. వెనక నుంచి, "కూసో, ఇంక అయిపోలే," అన్నాడు మెత్తగా. కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకు తెలియదు.

వెనకట కోపం వచ్చి కొట్టేవాడు. కోపం దిగితే ఆగేవాడు. ఒకటి, రెండు, చెంబు విసరడం, అయిపోయేది. తర్వాత రెండు రోజులు ముఖం చూపించేవాడు కాదు. ఇప్పుడు దిగడానికి కోపమే లేదు. ఎప్పుడు ఆపాలో ఆయనకు ఎవరు చెప్తారు? ఆ నెమ్మది ఆయనకు నేనే నేర్పాను, మూడు నెలలు ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చొని నేర్పాను.

చర్చి గంట వినబడేసరికి ఆపాడు. నా ముఖం తడిబట్టతో తుడిచాడు. విరిగిన నా కుడిచేతికి తానే తీసుకపోయి కట్టు కట్టించాడు. బాయి కాడ జారిపడింది అని అత్తమ్మకు చెప్పాడు. అత్తమ్మ బయటికి పోయింది. చిక్కుడుకాయల చాట ముందర పెట్టుకొని వాకిట్లో కూర్చుంది, ఒక్కటి కూడా ఒలవలేదు.

ఈ పొద్దున పెద్దులు వచ్చాడు. నా చేతి కట్టు చూశాడు, తల తిప్పుకున్నాడు. ఆయన భుజానికి పట్టీ చుట్టి గాలి కొట్టి, చెవిలో గొట్టాలు పెట్టుకొని విన్నాడు. మరోసారి కొట్టి విన్నాడు.

"నూట ఇరవై, ఎనభై," అన్నాడు నా వైపు చూడకుండా. "మస్తుంది టీచరమ్మా. గిట్లనే ఉంటే ఇంకో ముప్పై ఏండ్లు ఫికర్ లేదు."